నడుము ఎవలిది?

ఈ వారం మంచిర్యాల నుంచి చెన్నూరు పోతుంటే చేల గట్లు మాడిపోయి కనిపించాయి. చుట్టూ శ్రావణ మాసపు పచ్చదనం, గట్ల మీద మాత్రం ఎండుగడ్డి రంగు. నిప్పు పెట్టిన జాడ లేదు, బూడిద లేదు. గ్లైఫోసేట్ అనే గడ్డిమందు కొట్టిన వారం పది రోజులకు గట్టు అట్లాగే అవుతుంది. ఆకు మీద పడిన మందు వేరు దాకా దిగి, మొక్క ఎదుగుదలకు కావలసిన అమైనో ఆమ్లాలను తయారు కానివ్వదు. అది మంచి మొక్కా, చెడ్డ మొక్కా అని చూడదు.

గడ్డిమందు మీద నా వ్యతిరేకత ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. మన దేశంలో గ్లైఫోసేట్‌కు అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంట లేని జాగాలకు మాత్రమే. 2022 అక్టోబరులో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప మరెవరూ దాన్ని వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా మృగశిర కార్తె దగ్గరపడగానే మన జిల్లాలో నిషేధిత పత్తి విత్తనాలు పట్టుబడ్డాయన్న వార్తలు మొదలవుతాయి. గడ్డిమందును తట్టుకునేలా చేసిన ఆ పత్తికి ప్రభుత్వ అనుమతి లేదు. మందు కొడితే పత్తి ఒక్కటే బతుకుతుంది, చేనులో పచ్చగా ఉన్న మిగతాదంతా పోతుంది. సాళ్ల నడుమ వేసే కంది కూడా పోతుంది. ఇంటి పప్పు ఇంటి చేనులో పండించుకున్న రైతు కందిపప్పు కోసం కిరాణా కొట్టుకు పోతున్నాడు.

కలుపుతో నష్టం లేదని నేనెప్పుడూ అనలేదు. పత్తి మొదట్లో మెల్లగా ఎదుగుతుంది. ఆ రెండు నెలలూ చేను కలుపుకు చిక్కితే వేసిన ఎరువులో వాటా దానిదే, తేమా దానిదే, ఎండా దానిదే. దేశంలోని 10 ప్రధాన పంటల్లో కలుపు వల్ల ఏటా సుమారు 1,100 కోట్ల డాలర్ల నష్టమని జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2018లో లెక్క కట్టారు. తుంగను పీకి చూసినవారికి ఆ లెక్క అక్కర్లేదు. పట్టి లాగితే ఆకులు చేతికి వస్తాయి, దుంప మట్టిలోనే ఉంటుంది. నాలుగు రోజులకు అదే చోట కొత్త పిలక పొడుచుకొస్తుంది. తవ్వితే ఒక దుంపకు వేరు పట్టుకుని ఇంకో దుంప, దాని వెనుక మరొకటి బయటపడతాయి.

ఇక వయ్యారిభామ. 1950లలో పుణెలో కనిపించిన ఈ అమెరికా మొక్క ఇప్పుడు మన ఊరి బడి గోడ పక్కనా, రైలు పట్టాల వెంటా, పశువులు మేసే బీళ్లలోనూ ఉంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. తాకితే ఒంటికి దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. పశువు తింటే పాలు చేదెక్కుతాయి. అది ఆక్రమించిన చోట గడ్డి మొలవదు. ఆ మొక్క మీద నాకు జాలి లేదు. పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో పీకేయాల్సిందే.

కానీ ఆ మాడిన గట్ల మీద చచ్చింది వయ్యారిభామ ఒక్కటే కాదు. గునుగు కూడా చచ్చింది. వ్యవసాయ పుస్తకాల్లో గునుగు కలుపే. పత్తి చేనులో, జొన్న చేనులో అది పంట నోటికాడి కూడు లాగేస్తుంది. భాద్రపద అమావాస్య వచ్చేసరికి అదే గునుగు లేకపోతే బతుకమ్మ లేవదు. తెల్లటి ఆ కంకులను కట్టలు కట్టి, కొసలు సమంగా కోసి, రంగుల్లో ముంచి వరుసలు పేరుస్తారు. మా చిన్నతనంలో పూలకు పోవడమంటే అంగడికి పోవడం కాదు. పొద్దున్నే పిల్లలం గట్ల వెంట పోయేవాళ్లం. మంచుకు మోకాళ్ల దాకా తడిసి, గునుగు కొందరం, తంగేడు కొందరం ఏరుకొచ్చేవాళ్లం. మా అవ్వ కలుపుకు పోయి వచ్చేటప్పుడు కొంగులో లేత గునుగాకు, పాయిలికూర ఉండేవి. పప్పులో వేస్తే ఆ పూట కూర అదే. వినాయక చవితికి వండే తుమ్మికూరా చేనుగట్టుదే. సాగు చేయని ఈ ఆకుకూరల విలువను జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు మనం గునుగు కట్టను డబ్బులిచ్చి కొంటున్నాం.

ఈ మాటే భీమారం దగ్గర ఒక పత్తి చేనులో కలుపు తీస్తున్నవాళ్లతో అన్నాను. వాళ్లలో ఒకామె ఖుర్పీ కింద పెట్టి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "మందు కొట్టద్దని రాస్తరు, మంచిదే సారూ. మరి వంగే నడుము ఎవలిది?"

ఆమె ప్రశ్నతో గడ్డిమందు మంచిది కాలేదు. కానీ ఆమెకు జవాబు చెప్పకుండా ఇక ముందు నేను దాని మీద రాయలేను. మన నల్లరేగడిలో ముసురు పట్టిందంటే గుంటుక దిగదు. ముసురు తెరిపిచ్చేసరికి ఊరంతటి చేలల్లో ఒకేసారి కలుపు లేస్తుంది. అందరికీ ఒకే వారం కైకిలి మనుషులు కావాలి. దొరికిన మనిషి ఆడమనిషే. ఆమె పొద్దుందాకా వంగే ఉంటుంది. కలుపు చేత్తోనే తీయాలని వాదించే మనలో ఎవరమూ ఆ సాలులో వంగం.

అట్లాగని మందు ఆమె నడుమును కాపాడుతుందా? అమెరికాలో జార్జియా పత్తి రైతులు అదే నమ్మారు. 2005 నాటికి మన తోటకూర జాతిదే అయిన ఒక కలుపు గ్లైఫోసేట్‌కు చావడం మానేసింది. చివరికి అక్కడా కూలీలను పెట్టి చేత్తో పీకించాల్సి వచ్చింది.

దారి మన దగ్గరే ఉంది. అచ్చు తోలి, గీతలు కలిసిన చోట గింజ పెడితే నిలువుకూ అడ్డానికీ గుంటుక పారుతుంది. చేత్తో తీయాల్సింది మొక్క మొదట్లో మిగిలినదే. ఎడ్లు లేని ఇంటికి చిన్న పవర్ వీడర్ కావాలి. అది ముసురు తెరిపిచ్చిన మర్నాడే ఊళ్లో కిరాయికి దొరకాలి, వారం తర్వాత కాదు. నిలబడి తవ్వే పొడుగు పిడి పనిముట్టు ఆడవాళ్ల చేతికి అందాలి. కలుపు కూలిని పత్తి మద్దతు ధరలో నిజాయితీగా లెక్కగట్టాలి. విత్తన ప్యాకెట్లు పట్టుకునే అధికారులు ఈ పనుల మీదా అంతే పట్టుదల చూపాలి.

గట్టు మీద గునుగు మిగలాలని కోరుకునే మనమంతా వంగే మనిషి కూలి కోసం, పనిముట్టు కోసం కూడా అడగాలి. అది అడగనంతకాలం రైతు ఇంటి నుంచి గడ్డిమందు డబ్బా లాక్కునే హక్కు మనకు లేదు.