బాలపాఠకుని అభిప్రాయం - నవలానిర్మాణం: ‘ట్రెజర్ ఐలండ్’ పరిశీలన

వ్యాససంగ్రహం

సాహసనవలల విషయంలో బాలపాఠకుని అభిప్రాయాన్ని రచనానేపథ్యానికి చెందిన ముచ్చటగా చెప్పి విడిచిపెట్టడం పరిపాటి. రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ ‘ట్రెజర్ ఐలండ్’ రచనాకాలంలో పదమూడేళ్ల బాలుడు పెట్టిన నియమం కథానిర్మాణాన్ని ఎంతవరకు శాసించిందో, నవల ఆ నియమాన్ని ఎక్కడ దాటిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బాలపాఠకుడు, సాహసనవల, సహృదయత, ఉత్తమపురుష కథనం, స్టీవెన్‌సన్.

1. ప్రవేశిక

కావ్యానుశీలనాభ్యాసం చేత నిర్మలమైన మనోదర్పణం గలవారే సహృదయులని అభినవగుప్తుని నిర్వచనం. ఈ కొలతకు బాలుడు నిలవడు. అతనికి అభ్యాసం తక్కువ, ఉన్నవి ఇష్టాయిష్టాలు. కనుక అతని అభిప్రాయం విమర్శ కాజాలదన్న నిర్ణయానికి రావడం సులభం. అయితే ఆ ఇష్టాయిష్టాలే రచనకు నియమంగా నిలిచిన సందర్భాన్ని ఏమనాలి? నండూరి రామమోహనరావు ‘కాంచనద్వీపం’గా తెలుగు చేసిన ‘ట్రెజర్ ఐలండ్’ ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణ.

2. గీటురాయిగా బాలుడు

1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో విడిది చేసిన స్టీవెన్‌సన్ కుటుంబాన్ని వానలు ఇల్లు కదలనివ్వలేదు. ఆ రోజుల్లో గీసిన ఒక ద్వీపపటం నుంచి ఈ కథ పుట్టింది. రచయిత భార్య ఫానీకి మొదటి వివాహంలో కలిగిన కుమారుడు లాయిడ్ ఆస్‌బోర్న్ తొలి శ్రోత. కథలో స్త్రీలు ఉండరాదన్నది లాయిడ్ ఆజ్ఞ అని స్టీవెన్‌సన్ అదే ఏడాది మిత్రుడు హెన్లీకి రాసిన లేఖలో తెలిపాడు. 1894 నాటి ‘మై ఫస్ట్ బుక్’ వ్యాసంలో ఆ బాలుణ్ణి గీటురాయిగా పేర్కొన్నాడు.

ఆ వ్యాసమే మరో రెండు విషయాలను వెల్లడిస్తుంది. మొదటిది, రచయిత తండ్రి థామస్ కూడా కథకు పరవశించి, బిల్లీ బోన్స్ పెట్టెలో ఏయే వస్తువులు ఉండాలో జాబితా రాసి ఇచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు 63 ఏళ్లు. రెండవది, 1881 అక్టోబరు నుంచి 1882 జనవరి వరకు ‘యంగ్ ఫోక్స్’ పత్రికలో ధారావాహికగా వెలువడినప్పుడు ఈ కథ ఎవరి దృష్టినీ ఆకర్షించలేదు. బాలల కోసమే నడిచిన పత్రికలో ఆదరణ కరువైన రచన 1883లో గ్రంథరూపంలో విశేషాదరణ పొందింది. కాబట్టి ‘బాలపాఠకుడు’ అన్న మాట ఒకే అభిరుచి గల సమూహాన్ని సూచించదు. వయస్సును కూడా కచ్చితంగా సూచించదు. లాయిడ్ అభిప్రాయం బాలలందరి అభిప్రాయం కాదు. అది ఒక పాఠకుని అభిప్రాయం. దాని విలువ కూడా అక్కడే ఉంది.

3. నియమం - అతిక్రమణ

లాయిడ్ నియమాన్ని నవల పైకి పాటించింది. ఓడలోనూ ద్వీపంలోనూ స్త్రీ కనిపించదు. సిల్వర్ భార్య ప్రస్తావనకే పరిమితం. కథలో క్రియాశీలమైన స్త్రీపాత్ర ఒక్కటే, జిమ్ హాకిన్స్ తల్లి. ఆమె పాత్ర ప్రయాణానికి ముందే ముగుస్తుంది.

అయితే నాలుగవ అధ్యాయాన్ని నిశితంగా చదివితే మరో సంగతి బయటపడుతుంది. చనిపోయిన బిల్లీ బోన్స్ పెట్టె తెరిచినప్పుడు, సత్రానికి రావలసిన బాకీకి మించి ఒక్క నాణెం కూడా ముట్టనని తల్లి పట్టుబడుతుంది. దేశదేశాల నాణేలలో ఆమెకు లెక్క తెలిసినవి గినీలు మాత్రమే. వాటిని ఏరి లెక్కించడంలో ఆలస్యమవుతుంది. ఇంతలో గుడ్డివాడైన ప్యూ చేతికర్ర చప్పుడు వినిపిస్తుంది. లెక్క సగంలో ఆగిపోతుంది. ఆ లోటుకు సరిపెట్టుగా జిమ్ ఒక మైనపుగుడ్డ పొట్లాన్ని తీసుకుంటాడు. నిధిపటం ఉన్నది అందులోనే.

అంటే సాహసకథ మొత్తానికి మూలమైన పటం, తీరని గృహఖాతాకు చెల్లుగా బాలుని చేతికి వచ్చింది. కథ నుంచి వెలివేయబడిన స్త్రీ లెక్కే కథకు ద్వారం తెరిచింది. తల్లి న్యాయబుద్ధికీ, ద్వీపంలోని ధనదాహానికీ మధ్య గల అంతరం నవల చివరి వరకు కొలమానంగా నిలుస్తుంది. బాలుని నియమాన్ని యథాతథంగా పాటించి ఉంటే ఈ కొలమానం నవలకు దక్కేది కాదు.

4. కథకుని తీర్పు

జిమ్ ఈ కథను పెద్దల కోరికపై, అన్నీ ముగిసిన తరువాత రాస్తాడు. ఇజ్రాయెల్ హ్యాండ్స్ అతని చేతిలో మరణించాడు. ముగ్గురు తిరుగుబాటుదారులను ద్వీపంలోనే వదిలివచ్చారు. వెండి కొంత అక్కడే మిగిలి ఉన్నా, ఎవరు ఎంత బలవంతపెట్టినా ఆ శాపగ్రస్తద్వీపానికి తిరిగి వెళ్లనని జిమ్ తేల్చి చెబుతాడు. చిలుక అరుపు అతన్ని పీడకలగా వెంటాడుతుంది. లాయిడ్ కోరినది సాహసం. జిమ్‌కు మిగిలినది భయం. ఒక బాలుని ఇష్టంతో మొదలైన నవల మరొక బాలుని అయిష్టంతో ముగిసింది. ఈ రెండింటినీ కలిపి చదవకపోతే నవల నిధివేట కథగానే మిగిలిపోతుంది.

5. ముగింపు

స్టీవెన్‌సన్ ఈ నవలను లాయిడ్‌కే అంకితమిచ్చాడు. తరువాతి కాలంలో లాయిడ్ ‘ది రెకర్’ వంటి నవలలకు ఆయనతో సహరచయిత అయ్యాడు. బాలుని అభిప్రాయం అపరిణతం కావచ్చు గాని నిష్ప్రయోజనం కాదని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది. బాలసాహిత్య విమర్శ ‘పిల్లలకు నచ్చిందా?’ అన్న ప్రశ్నతో ఆగరాదు. బాలపాఠకుడు దేనిని వద్దన్నాడు, రచన దానిని ఏ మేరకు మన్నించింది, ఎక్కడ మన్నించలేదు అన్న ప్రశ్నలు కూడా వేయాలి. అప్పుడే అతని ఇష్టాయిష్టాలు విమర్శకు ఆధారాలవుతాయి.