చుక్క వాలును కొలిచే విద్య

ఎంత పెద్ద దూరదర్శినిలో చూసినా దాదాపు ఏ నక్షత్రమైనా చుక్కగానే కనబడుతుంది. ఆ చుక్క తన అక్షం మీద ఎటు తిరుగుతున్నదో, దాన్ని చుట్టే గ్రహపు కక్ష్య ఆ తిరుగుడుకు ఎంత వాలి ఉన్నదో కొలిచి చెప్పే రాసిటర్-మెక్‌లాఫ్లిన్ పద్ధతి ఆధునిక ఖగోళశాస్త్రంలోని అత్యంత నాజూకైన పనితనాల్లో ఒకటి. 1924లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాసిటర్ బీటా లైరే జంట నక్షత్రంలోనూ, మెక్‌లాఫ్లిన్ ఆల్గాల్‌లోనూ దీన్ని చూపారు; హోల్ట్ 1893లోనే ఈ ఊహ చేశాడంటారు.

తిరిగే నక్షత్రపు ఒక అంచు భూమి వైపు వస్తుంటే రెండో అంచు దూరమవుతుంటుంది కాబట్టి, డాప్లర్ ప్రభావం వల్ల మొదటి సగం వెలుగు నీలం వైపుకు, రెండో సగం వెలుగు ఎరుపు వైపుకు జరుగుతుంది. భూమికీ నక్షత్రానికీ నడుమ గ్రహం అడ్డంగా దాటడాన్ని ట్రాన్సిట్ అంటారు. దాటే గ్రహం ముందుగా దగ్గరికి వచ్చే అంచును కప్పితే నీలపు వెలుగు కాస్త తగ్గి, నక్షత్రం మొత్తంగా దూరమవుతున్నట్టు వర్ణపటంలో భ్రమ కలుగుతుంది. గ్రహం రెండో సగం మీదికి చేరగానే ఆ భ్రమ తలకిందులవుతుంది. ఎగుడు, దిగుడు సమానంగా వస్తే కక్ష్య తిన్నగా ఉన్నట్టు, వరుస తారుమారైతే గ్రహం ఎదురు తిరుగుతున్నట్టు, ఒక్క వైపే కనిపిస్తే కక్ష్య బాగా ఒరిగినట్టు. కొన్ని గంటల వర్ణపటాల నుంచి ఇంత తేల్చడం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఫ్రాన్సులోని ఓట్-ప్రొవాన్స్ వేధశాలలో, ఎలోడీ వర్ణపటమాపకంతో, 2000లో కెలోజ్ బృందం హెచ్‌డీ 209458 నక్షత్రం దగ్గర ఈ సంకేతాన్ని పట్టింది. ఒక సౌరేతర గ్రహం విషయంలో ఇలా జరగడం అదే మొదటిసారి. ఆ గ్రహం నక్షత్ర బింబంలో నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే కప్పుతుంది, వేగంలో వచ్చే తేడా సెకనుకు నలభై మీటర్ల స్థాయి. 2006లో విన్ బృందం కెక్ దూరదర్శినితో హెచ్‌డీ 189733 నక్షత్రం దగ్గరి గ్రహపు కక్ష్య కోణాన్ని ఒక డిగ్రీ చిల్లర అనిశ్చితితో తేల్చింది. 2008లో ఎబ్రార్ బృందం ఎక్స్‌ఓ-3 గ్రహపు కక్ష్య ఒరిగి ఉందని చెబుతూ, తమ దత్తాంశంలోని బలహీనతను ఎరిగి, వ్యాసం పేరు చివర ప్రశ్నార్థకం ఉంచింది. మరుసటి ఏడు విన్ బృందం ఆ ఒరుగును ధ్రువపరిచి, కోణాన్ని దాదాపు 70 నుంచి 37 డిగ్రీలకు సవరించింది. ఆ ప్రశ్నార్థకమే అసలైన పనివాడి సంతకం. 2010లో తేలిన మరో సంగతి ఈ విద్య విలువను చాటుతుంది: సుమారు 6,250 కెల్విన్ల కంటే వేడి నక్షత్రాల దగ్గరే బృహస్పతి వంటి భారీ వేడి గ్రహాల కక్ష్యలు ఎక్కువగా ఒరిగి ఉంటాయి. ఆ గ్రహాలు తాము పుట్టిన వాయుధూళి పళ్లెంలో నెమ్మదిగా లోపలికి జారాయా, లేక ఇతర పిండాల ఆకర్షణ వాటిని విసిరేసిందా అన్న వాదానికి సాక్ష్యం ఇలాంటి కొలతలే.

ఇంతటి విద్యకు చవకబారు నకళ్లు పుట్టుకురావడం బాధాకరం. నక్షత్రపు తిరుగుడు వేగాన్ని రెండు విధాలుగా అంచనా వేసి, వాటి నిష్పత్తి నుంచి వాలు చెప్పే అడ్డదారికి అసలు పద్ధతితో సమానమైన పీట వేయడం ఎంతమాత్రం తగదు. అక్షం చూపుకు 90 డిగ్రీల్లో ఉన్నా 70 డిగ్రీల్లో ఉన్నా ఆ నిష్పత్తిలో తేడా నూటికి ఆరు మాత్రమే, పైగా గ్రహం సవ్యమో అపసవ్యమో అది చెప్పనే చెప్పదు. ఆకాశతలం మీద పడే నీడకోణమైన లాంబ్డాను కొలిచి, అదే అసలు వాలన్నట్టు రాసే రాతలు ఇంకా హానికరం. బలహీనమైన సంకేతానికి తొందరపడితే ఏమవుతుందో వాస్ప్-2 నక్షత్రపు గ్రహం చూపింది: ఎదురు తిరిగే గ్రహమని 2010లో ప్రకటన వచ్చింది, 2011లో మరింత దత్తాంశంతో చూస్తే ఆ కోణం తేలనే లేదు.

కాబట్టి దూరదర్శిని సమయాన్ని పంచేవారు ట్రాన్సిట్ ముందు, వెనుక గంటలను కత్తిరించకూడదు. ఆ గంటలు లేకపోతే వేగపు ఆధారరేఖ నిలవదు, అది నిలవకపోతే ఎగుడుదిగుళ్ల లెక్క గాలిలో కట్టిన గోడ. ఓర్పుకు ఫలితం ఎలా ఉంటుందో 2022లో అరిజోనాలోని 4.3 మీటర్ల దూరదర్శినికి అమర్చిన ఎక్స్‌ప్రెస్ వర్ణపటమాపకంతో లిలీ ఝావో బృందం చూపింది: భూమికి రెండింతల లోపు వ్యాసార్ధం గల 55 కాన్క్రి-ఇ గ్రహం, సెకనుకు అర మీటరు కూడా లేని తేడాలో, తన నక్షత్రపు తిరుగుడుకు దాదాపు తిన్నగా నడుస్తూ దొరికింది.