అవ్వ చేతి తేలు

మా అవ్వ ముంజేతిపై తొమ్మిది చుక్కల నడుమ తేలొకటి ఉండెడిది. చర్మము ముడుతలు పడినకొలది అది నీలివన్నెకు తిరిగి, ఆమె రాగిసంకటి ముద్ద చేయునపుడెల్ల తోక కదలించుచున్నట్లు నా చిన్నతనమున తోచెడిది. కరవునాట మడకశిరకు వచ్చిన ఎరుకల స్త్రీ యొకతె, దీపపు మసిని ఆకుపసరుతో నూరి, దారముతో కట్టిన సూదులతో మా యరుగుపైననే దానిని పొడిచి, కూలిగా సేరు రాగులు కొంగున కట్టుకొని పోయినదట. చివరి చుక్కకు అవ్వ నొప్పికి చేయి లాగుకొనుటచే అది వరుస తప్పి, బెత్తెడు దూరమున ఒంటరిగా నిలిచినది. ‘ఈ తేలు నీదేనా?’ అని అడిగితే, ‘చెయ్యి నాది నాయనా, తేలు ఆయమ్మది’ అనెడిది.

ఈ ప్రశ్నయే న్యాయస్థానమునకును ఎక్కినది. 2003లో మైక్ టైసన్ ముఖమున పచ్చబొట్టు పొడిచిన విక్టర్ విట్‌మిల్, దానినే ‘హ్యాంగోవర్’ రెండవ చిత్రమున మరియొక నటుని ముఖమున చూపినారని 2011లో వార్నర్ బ్రదర్స్‌పై అమెరికాలో దావా వేసెను. న్యాయమూర్తి చిత్రపు విడుదల నాపలేదుగాని, వాది వాదమున బలమున్నదనెను; పిదప ఉభయులును రాజీపడిరి. అయితే ఆ రేఖలు మావోరీల ముఖలేఖనమును పోలినవే కదా, వానికి విట్‌మిల్ ఎట్లు స్వామి యగునని మావోరీలు నిలదీసిరి. ఆ యడుగుట నాకు మిక్కిలి న్యాయముగా తోచినది.

మన 1957 నాటి కాపీరైట్ చట్టము పచ్చబొట్టు పేరెత్తదు, చిత్రలేఖనము పేరెత్తును. గీసినవారే తొలి స్వామి యనుచునే, మూల్యమిచ్చి వేయించుకొన్న వర్ణచిత్రమునకు, వేరొప్పందము లేనియెడ, వేయించుకొన్నవారిని స్వామిని చేయును. ఆ లెక్కను పచ్చబొట్టునకును చాచినచో, సేరు రాగులకు తేలు అవ్వదే కావలెను. నా మనస్సున కది సమ్మతము గాదు. అదే చట్టపు 57వ విభాగము మాత్రము, హక్కు చేయి మారినను, కృతి తనదని చెప్పుకొను అధికారమును కర్తకు నిలిపినది; నేను గౌరవించునది ఆ విభాగమును. కాని ఎరుకలామె పేరు మా యింట నెవరికిని తెలియదు.

నిరుడు పట్టణమున నొక పచ్చబొట్ల దుకాణపు పుస్తకము తిరగవేయుచుండగా తేలొకటి కనబడినది. తొమ్మిది చుక్కలు; చివరిది వరుస తప్పి ఒంటరిగా నున్నది. ఏండ్ల క్రిందట ఎవరో సంతలో అవ్వ చేతిని ఫొటో తీసికొని పోయిన సంగతి జ్ఞప్తికి వచ్చినది. ‘ఇది మా సొంత డిజైను సార్’ అనెను ఆ కుర్రవాడు, వెల కూడ చెప్పుచు. ఆ చుక్క ఎందుకట్లు జరిగినదని అడిగితిని. తెలియదనెను. చెప్పితిని.