ఒక్కరి బిల్లు

హంతకుడి తెలివికి అబ్బురపడే వయసు నాకు దాటిపోయింది. ఇప్పుడు నేరకథ పట్టుకుంటే, అందులో మనుషులు ఎలా బతుకుతున్నారో చూడాలనిపిస్తుంది. ఆ చూపు నాకు అలవాటు చేసినవాడు జపాన్ రచయిత సెయిచో మాత్సుమోతో.

ఆయన నవల ‘పాయింట్స్ అండ్ లైన్స్’ 1957లో ‘తబి’ అనే యాత్రల పత్రికలో సీరియల్‌గా మొదలైంది. ఫుకువోకా దగ్గర కషీ సముద్రతీరాన ఒక మగమనిషి, ఒక ఆడమనిషి పక్కపక్కనే శవాలై కనిపిస్తారు. ప్రేమికులు విషం తాగి చనిపోయారని అందరూ సరిపెట్టుకుంటారు. అతని జేబులో రైల్లో భోంచేసిన బిల్లు దొరుకుతుంది, అదీ ఒక్కరికే. టోక్యోలో కలిసి బయల్దేరినవాళ్లలో అతనొక్కడే ఎందుకు తిన్నాడు? తొరిగాయ్ అనే పెద్దవయసు డిటెక్టివ్‌కి ఆ బిల్లు నిద్ర పట్టనివ్వదు. ఇంట్లో కూతుర్ని అడుగుతాడు: కాబోయే మొగుడు ఏదన్నా తిందాం రమ్మంటే, ఆకలి లేదని మానేస్తావా అని. కాఫీ తాగుతూ అయినా పక్కన కూర్చుంటానంటుంది ఆ పిల్ల. పోలీసుల లెక్కను తలకిందులు చేసేది ఆ జవాబే.

టైంటేబుల్ చమత్కారమూ ఉంది. అప్పటి టోక్యో స్టేషన్‌లో 13వ ప్లాట్‌ఫాం నుంచి 15వ ప్లాట్‌ఫాం మీది రైలు కనబడేది సాయంత్రం 5:57 నుంచి 6:01 దాకా, నాలుగే నిమిషాలు. మిగతా వేళల్లో మధ్యలో రైళ్లు అడ్డం. ఆ జంటను చూసిన సాక్షులు సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే అక్కడెందుకున్నారు? ఈ ముడి విప్పుతూ పోతే తేలేది లంచాల కేసులో ఇరుక్కున్న ఒక మంత్రిత్వ శాఖ. చనిపోయినవాడు అందులో చిన్న అధికారి. అతను నోరు విప్పితే పైవాళ్లకు ముప్పు.

ఆఫీసుల్లో కింది మెట్టు మనిషి ఎలా నలుగుతాడో మాత్సుమోతోకి బాగా తెలుసు. 1909లో పుట్టాడు. పేదరికం వల్ల చదువు చిన్నప్పుడే ఆగింది. ప్రెస్సుల్లో పనిచేసి, అసాహి పత్రికలో ప్రకటనల డిజైన్లు గీశాడు. మొదటి కథ అచ్చయ్యేసరికి నలభై దాటాయి. తర్వాత అకుతగవా బహుమతి వచ్చింది. 1992లో పోయేదాకా కలం దించలేదు.

నేరకథ రాయాలనుకునేవాళ్లకు నేను చెప్పేదొకటే. హత్య ఎలా చేయించాలన్నది తర్వాత ఆలోచించండి. హత్య చేసే మనిషి జీతమెంత, పైఅధికారి పిలిస్తే ఎలా నిలబడతాడు, ఎవరికి భయపడతాడు, ముందు అవి తెలుసుకోండి. అవి తెలిస్తే, అతను హత్య దాకా ఎందుకు వెళ్లాడో పాఠకుడికి విడిగా చెప్పనక్కర్లేదు.