గాజు సైజుకు ఏ టైపు?

చార్మినార్‌కు పడమటి వైపు లాడ్ బజార్‌లోకి వెళ్లి లక్క గాజులు అడిగితే దుకాణదారు ముందు సైజు అడుగుతాడు. రెండు-నాలుగా, రెండు-ఆరా, రెండు-పదా? డబ్బా మీద మాత్రం 2.4, 2.6, 2.10 అని చుక్క పెట్టి ఉంటుంది. జావా ప్రోగ్రామింగ్ భాష కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం ఈ డబ్బాతోనే చెప్పాలని నా పట్టు.

చుక్క కనబడగానే, దశాంశ విలువలకు వాడే టైపు డబుల్ అని రాసేయాలనిపిస్తుంది. కానీ చుక్క తర్వాతిది దశాంశం కాదు, అంగుళంలో పదహారో వంతులు. 2.4 అంటే లోపలి అడ్డకొలత రెండుంపావు అంగుళాలు. డబుల్‌లో పెడితే 2.10 కాస్తా 2.1 అయిపోయి, 2.2 కన్నా చిన్న గాజుగా వరసలో ముందుకొచ్చి కూర్చుంటుంది. పదహారో వంతుల్లోకి మార్చి, పూర్ణాంకాల టైపు అయిన ఇంట్‌లో పెడితే గొడవే లేదు: 2.2కు 34, 2.4కు 36, 2.10కి 42.

1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన సి భాష, 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన జావా, ఈ రెండింటిలోనూ వేరియబుల్‌ను, అంటే విలువ దాచే గడిని, వాడకముందే సాధారణంగా దాని టైపు చెప్పాలి. ఇంట్ అని చెప్పినచోట ‘డజను’ అన్న మాట పెడితే జావా కంపైలర్ ప్రోగ్రామును కదలనివ్వదు. పైథాన్‌లో అలాంటి తప్పు ఆ లైను నడిచినప్పుడుగానీ బయటపడదు. అయితే గాజు సైజును డబుల్‌లో పెట్టారని కంపైలర్ ఎప్పుడూ కోప్పడదు. ఆ వివేకం మనదే.

జావాలో ప్రాథమిక టైపులు ఎనిమిదే. పూర్ణాంకాలకు బైట్, షార్ట్, ఇంట్, లాంగ్, దశాంశాలకు ఫ్లోట్, డబుల్, అక్షరానికి చార్, అవును-కాదుకు బూలియన్. పేర్లు బట్టీ పట్టడానికి పది నిమిషాలు చాలు. హద్దులు తెలియడానికే కాలం పడుతుంది. ఇంట్‌కు 32 బిట్లు, గరిష్ఠం 2147483647. దానికి ఒకటి కలిపితే ఎర్రర్ రాదు, చప్పుడు లేకుండా -2147483648 అవుతుంది. డబుల్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది కనుక డబ్బును పైసల్లో పెట్టుకోవడం మంచిది. కానీ పైసల్లో ఇంట్ హద్దు రెండు కోట్ల పద్నాలుగు లక్షల చిల్లర రూపాయలే. పెళ్లిళ్ల సీజన్‌లో హోల్‌సేల్ కొట్టు లెక్కకు లాంగ్ తీసుకోవాల్సిందే. ఇక 7ను 2తో భాగిస్తే ఇంట్‌లో 3 మాత్రమే మిగులుతుంది.

పాతబస్తీ బోర్డుల మీది లిపులు చార్‌కు అసలైన పరీక్ష. చార్‌లో 16 బిట్లు. ఉర్దూ అలిఫ్‌ను అందులో పెట్టి సంఖ్యగా అడిగితే 1575 అంటుంది, మన ‘క’కు 3093. ‘క్ష’ను మాత్రం కంపైలర్ తీసుకోదు. మనకది ఒక్క అక్షరం, యూనికోడ్‌కు మూడు సంకేతాలు. ‘తెలుగు’ అన్న స్ట్రింగ్ లెంగ్త్ అడిగితే 6 వస్తుంది, గుణింతపు గుర్తులను కూడా విడిగా లెక్కేస్తుంది కాబట్టి. ఇంగ్లిష్ ఉదాహరణలతోనే నేర్చుకున్నవాళ్లకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ ప్రోగ్రామింగ్ విద్యకు హైదరాబాద్‌లో ఒక సంప్రదాయం ఉంది. పాతబస్తీ పిల్లలు ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగితే, మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో బోర్డు మీద జావా, చేతిలో రన్నింగ్ నోట్స్, పక్కనే జిరాక్స్ మెటీరియల్. ఈ పద్ధతిని వెక్కిరించేవాళ్లున్నారు. అందులో డ్రై రన్ మాత్రం బంగారం. నోట్‌బుక్‌లో ఒక్కో వేరియబుల్‌కు ఒక గడి గీసి, ప్రోగ్రామును లైను తర్వాత లైను నడిపిస్తూ పాత విలువ కొట్టేసి కొత్తది రాయడమే డ్రై రన్. ఇఫ్ ఎటు తిరిగింది, ఫర్ లూప్ ఎన్నిసార్లు తిరిగింది, మెథడ్‌కు ఏ విలువ వెళ్లింది, అన్నీ చేతికింద తేలతాయి. టైపులు కుదురుకోకముందే ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టించే బ్యాచ్‌లంటే మాత్రం నాకు గిట్టదు. ఏ బ్యాచ్‌లోనైనా ఫీజు కట్టేముందు డెమో క్లాసులో ఒక్క డ్రై రన్ చేయించమని అడగండి.

జావా ప్రోగ్రాములు రాసి నడిపే సాధనాల కట్ట జేడీకే ఉచితంగానే దొరుకుతుంది. 2017లో వచ్చిన జావా 9 నుంచి అందులో జేషెల్ ఉంది, లైను రాసి ఎంటర్ కొడితే అక్కడికక్కడే జవాబు చెబుతుంది. మీ పేరు తెలుగులో రాసి దాని లెంగ్త్ అడగండి. ఎంటర్ కొట్టేముందు ఎంత వస్తుందో కాగితం మీద లెక్కేసి పెట్టుకోండి.