ఒకే నోట రెండు మాటలు

నాన్న పోయిన మూడో రోజు. అక్క ఆపకుండా ఏడుస్తోంది. మేనత్త దాని తల నిమురుతూ, "ఊరుకో తల్లీ, పోయింది ఒళ్లే. మీ నాన్న ఎక్కడికీ పోలేదు" అంది. ఆ వెంటనే వసారాలోకి వచ్చి, కంట తడి పెట్టని నన్ను చూసి, "ఏడువురా, కడుపులో పెట్టుకోకు. మీ నాన్న మళ్లీ వస్తాడా?" అంది.

నాకు ఒళ్లు మండింది. ఎక్కడికీ పోలేదా, మళ్లీ రాడా? ఏదో ఒకటి చెప్పొచ్చుగా!

ఆ తర్వాత పొద్దున్నే గీత చదవడం అలవాటైంది. మూడో అధ్యాయం మొదట్లోనే అర్జునుడు కృష్ణుణ్ని ఇదే అడుగుతాడు, ఒక్కటి తేల్చి చెప్పమని. ఐదో అధ్యాయం మొదట్లో మళ్లీ అదే నిలదీత. నేనూ పొంతన కుదరని చోటల్లా పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టేవాణ్ని. రెండో అధ్యాయం నిండా అవే. ఆత్మకు చావు లేదు, ఏడవకంటాడు కృష్ణుడు. పోనీ, పుడుతూ చస్తూ ఉంటుందనుకున్నా ఏడవకంటాడు. ఇంకాసేపటికి, యుద్ధం మానితే పరువు పోతుందంటాడు. చావులేని ఆత్మకు పరువుతో పనేమిటి?

ఈ గుర్తులు చెరిపే రబ్బరు మనస్తత్వశాస్త్రంలో దొరికింది. చెప్పిన మాటను కాసేపు పక్కనపెట్టి, విన్న మనిషిని చూడమంది. మొదటి అధ్యాయంలో అర్జునుడికి నోరు ఎండింది, ఒళ్లు వణికింది, చర్మం మండింది, గాండీవం జారింది. తీవ్రమైన ఆందోళనలో ఉన్నవాళ్లు ఇవాళ కౌన్సెలర్ ముందు చెప్పుకునేవీ ఇలాంటివే. అలాంటి మనిషిలో ఏ తలుపు తెరుచుకుంటుందో తెలియనప్పుడు అన్నీ తట్టాల్సిందే. మా అత్తయ్యా రెండు తలుపులు తట్టింది.

రుచి మరిగితే ఈ రబ్బరుతో దేన్నయినా చెరిపేయొచ్చు. అక్కడ నన్ను ఆపిందీ ఓ మనస్తత్వవేత్తే. అమెరికన్ లియాన్ ఫెస్టింగర్ 1957లో కాగ్నిటివ్ డిసొనెన్స్ అనే సిద్ధాంతం వివరించాడు. పొసగని రెండు నమ్మకాలు పంటి కింద రాయిలా బాధిస్తాయి, ఆ బాధ తీర్చుకోవడానికి మనసు ఏదో ఒక సర్దుబాటు వెతుక్కుంటుంది. అది నిజమే కానక్కర్లేదు. మరి నేను చెరిపినవాటిలో అర్థమై చెరిపినవెన్ని, రాయి నొప్పి ఓర్చుకోలేక చెరిపినవెన్ని? శంకరుడు, రామానుజుడు, మధ్వుడు ఒకే గీతకు భాష్యాలు రాసి మూడు దారులు పట్టారు. అర్జునుడి అవస్థ చూపించి వాళ్ల తగవు తీర్చలేం.

అందుకే ఇప్పుడొక నియమం పెట్టుకున్నాను. వినేవాడి స్థితి గీతలోనే కనిపిస్తే చెరుపుతాను. దాన్ని నేను బయటి నుంచి తెచ్చి అతికించాల్సి వస్తే ఆగుతాను.

పద్దెనిమిదో అధ్యాయంలో, అంతా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమంటాడు కృష్ణుడు. మూడు శ్లోకాల తర్వాత, అన్నీ వదిలి నన్నే శరణు కోరమంటాడు. ఆ రెంటినీ కలిపే వివరణ నా నాలుక చివర సిద్ధంగా ఉంది. అంత తొందరగా సిద్ధమైందనే, ఆ ప్రశ్నార్థకాన్ని ఇంకా చెరపలేదు.