పంపభారతము – కవి ఎవరివాడు?

కన్నడదేశమున చిరకాలముగా స్థిరపడిన తెలుగువారిలో పంపమహాకవి ప్రసక్తి వచ్చినప్పుడెల్ల “ఆయన మనవాడే” యను మాట వినబడుచుండును. ఆ మాటకు ఆధారము లేకపోలేదు. పంపని పూర్వులు వేంగినాటివారు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగరు ప్రాంతమున కురిక్యాల కడ బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనము సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటను నడచినది. అందలి తెలుగు కందపద్యములు నన్నయకు సుమారు నూఱేండ్లకు ముందటివి. పంపని పోషకుడగు రెండవ అరికేసరి వేములవాడ చాళుక్యుడు.

అయినను, వంశమును బట్టి కవిని పంచుకొనుట విమర్శ కానేరదు. పంపడు వ్రాసినది కన్నడము. కావ్యపు గుణదోషములు కావ్యమునందే వెదకవలెను.

పదవ శతాబ్దినాటి విక్రమార్జునవిజయము వ్యాసభారతమునకు అనువాదము కాదు. అరికేసరిని అర్జునునితో అభిన్నునిగా భావించి రచించిన చంపూకావ్యమిది. ఆ సంకల్పమునకై కవి కథనే మార్చెను. ద్రౌపది అర్జునునకు మాత్రమే భార్య. యుద్ధానంతరము పట్టాభిషేకము ధర్మరాజునకు కాదు, సుభద్రాసమేతుడగు అర్జునునకు. పరాభవ మనుభవించినది ద్రౌపది, సింహాసన మెక్కినది సుభద్ర! ఇచట రాజభక్తి కథాన్యాయమును మించిపోయినది. ఇది లోపమే.

ఆ లోపమును మఱపించునది కర్ణపాత్ర. కర్ణుడు నాయకునకు శత్రువు, అనగా పోషకునకును శత్రువే. అట్టివానిని పంపడు సత్యత్యాగములకు నిలయముగా తీర్చి, భారతమున ముందుగా స్మరింపదగినవాడు అతడే యన్నంత ఆదరము చూపెను. ప్రభువుకొఱకు అర్జునుని గెలిపించిన కవి తన మనస్సును కర్ణున కర్పించెను.

పదునొకండవ శతాబ్దిలో నన్నయ త్రోవ వేఱు. రాజరాజనరేంద్రుడు పాండవవంశ్యుడనని చెప్పుకొన్నను, నన్నయ ఆయనను గౌరవించెనే కాని, కథానాయకుని చేయలేదు. అందుచే వ్యాసుని కథ నిలిచినది. పంపడు కథను తిరుగవ్రాయు సాహసము చేసెను. అందుచే కొంత పోగొట్టుకొని, కర్ణుని సంపాదించెను. ఒకరి కొలతతో నింకొకరిని కొలుచుట తగదు.

తెలుగింట పుట్టి కన్నడ బడిలో చదివినవారికి హళగన్నడము కొంత కృషితో పట్టువడును. ఈ ఇద్దఱు కవులను వారివారి భాషలయందే చదువగల భాగ్యము అట్టివారిది. పంపని పూర్వుల యూరిపేరు వల్లించుటకంటె ఆయన కర్ణుని చదివి కంటతడి పెట్టుటయే ఆయనపై తెలుగువారు నిలుపుకొనదగిన హక్కు.